చిన్నాయన పేపర్లు వేసిన ఎండాకాలం

పోయిన నెల మా మేనకోడలు హారిక సెలవు పెట్టి ఆత్మకూరు వచ్చింది. మా పెద్దన్న కూతురు. ఎయిర్‌ఫోర్సులో హెలికాప్టరు నడుపుతుంది. వచ్చిన రోజే వంటింట్లో నా పక్కన నిలబడి చిక్కుడుకాయలు తుంచుతూ, "అత్తా, నాకు ఇచ్చిన సర్వీసు అయిపోవస్తా ఉండాది. పొడిగిస్తామంటే వద్దని రాసిచ్చి బయటికి వచ్చేద్దామనుకుంటా ఉండా. ఎయిర్‌లైన్సులో చేరతా" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల చేతిలో చిక్కుడుకాయ పళ్ళెంలో పడేసి, "ఏందత్తా ఆ నవ్వు? నేను సీరియస్‌గా చెప్తా ఉంటే" అని మూతి ముడిచింది. నేను నవ్వింది దాన్ని చూసి కాదు. సరిగ్గా అలాంటి మాటే నేను ఇంటర్ చదివే రోజుల్లో, ఉదయగిరిలో మా ఇంటి పంచలో, ఇంకొకరి నోట విన్నాను. ఆ మాటకు మా ఇంట్లో ఆ ఎండాకాలమంతా ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పుడేమో చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పేస్తున్నారు.

ఆ మాట అన్నది మా చిన్నాయన, అంటే మా నాయనకు తమ్ముడు. ఆయన కూడా ఎయిర్‌ఫోర్సు పైలటే. మా ఇంట్లో ఆయన ఉన్నదాని కంటే ఆయన గురించిన మాటలే ఎక్కువగా ఉండేవి.

మా ఇల్లు ఉదయగిరిలో కొండ వైపు వీధిలో ఉండేది. ఎండాకాలంలో పగలంతా కాగిన కొండరాళ్ళ వేడి సాయంత్రానికి దిగివచ్చి మా పంచలో కూర్చునేది. తెల్లవారకముందే మా అవ్వ వాకిట్లో పేడనీళ్ళు చల్లేది. ఆ తడిమట్టి వాసన, తాత చుట్ట వాసన, చెక్క చెంచాలు చేసే పక్కింటివాళ్ళ చెక్కపొట్టు వాసన, అన్నీ కలిసి వచ్చి నన్ను నిద్ర లేపేవి. మా తాత ఒకప్పుడు ఊరికి ప్రెసిడెంటు. పదవి పోయి చాలాకాలమైనా పిలుపు మాత్రం పోలేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని పంచలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. దారిన పోయేవాళ్ళు దణ్ణం పెడితే కొడుకు కబురు చెప్పేవాడు. పెట్టకుండా పోతే పిలిచి మరీ చెప్పేవాడు. "మావోడు యుద్ధ విమానం తోలతా ఉండాడు. బార్డర్లో" అనేవాడు. ఆ 'బార్డర్లో' అన్న మాట దగ్గర గొంతు తగ్గించేవాడు, మా వీధిలో శత్రువుల మనుషులు వింటున్నట్టు.

అవ్వకు ఈ గొప్పలేమీ పట్టేవి కావు. కొండ మీదుగా ఎప్పుడన్నా విమానం పోతున్న చప్పుడు వినిపిస్తే చేతిలో పని వదిలేసి పెరట్లోకి వచ్చి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసేది. చిన్నాయన ఉండేది ఎక్కడో ఉత్తరాదిన మంచుకొండల దగ్గర అని మేమెంత చెప్పినా వినేది కాదు. "వాడైతే మాత్రం ఆపతాడా? ఇంటి మీదుగానే పోతా ఉంటే దిగి ఇంత సంగటి తిని పోకూడదంటనా?" అని గొణుక్కుంటూ లోపలికి పోయేది.

చిన్నాయన సెలవుకు వస్తే ఇంట్లో గాలి మారిపోయేది. ఎవరూ లేవకముందే లేచి, పెరట్లో గోడకు అద్దం తగిలించుకుని, గీతలు గీసినట్టు గడ్డం చేసుకునేవాడు. పక్కబట్టలు పెట్టె మూతలా మడిచేవాడు. ఆయన మడిచిన దుప్పటి మీద కూర్చోడానికి మాకు భయమేసేది. మా నాయనకు ఒక పాత లూనా ఉండేది. దాని మీద బజారుకు పోవాలన్నా చిన్నాయన ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి టైర్లు నొక్కి, బ్రేకు పట్టి చూసి, పెట్రోలు మూత తీసి లోపలికి చూసి అప్పుడు గాని ఎక్కేవాడు కాదు. ఆయనతో చిన్నప్పుడు బడిలో చదివిన పెంచలయ్య అని ఒకాయన ఉండేవాడు. మా వీధి చివర గొర్రెలూ మేకలూ పెంచుకునేవాడు. అతను ఒకరోజు గేటు దగ్గర నిలబడి ఈ తంతంతా చూసి, "ఏంది సామీ, లూనాకి ప్రదక్షిణం చేస్తా ఉండావు? కొబ్బరికాయ తెచ్చేదా?" అన్నాడు. చిన్నాయన కోపం తెచ్చుకోలేదు. "రెండు చక్రాలదానికి ఇంతే. నాది పెద్దది. దానికి అర్ధగంట పడతాది" అన్నాడు.

"అంత పెద్దదాంట్లో ఏం ఎక్కిస్తావు సామీ? బాంబులా?"

చిన్నాయన అబద్ధం చెప్పలేని మనిషి. అదే మా తాతకు ఆయనతో వచ్చిన చిక్కు. "బాంబులు యాడివిరా. బియ్యం, కిరసనాయిలు, ఉల్లిగడ్డలు. పైన మంచులో ఉండే జవాన్లకి. ఒక్కోసారి మేకల్ని కూడా ఎక్కిస్తారు, ప్రాణాలతోనే" అన్నాడు.

పెంచలయ్య "మేకలా? విమానంలోనా?" అని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు. సాయంత్రానికి ఉదయగిరి బజారంతా ఆ కబురు తెలిసిపోయింది. తాత సంవత్సరాల తరబడి కట్టుకుంటూ వచ్చిన యుద్ధ విమానం ఒక్క పూటలో మేకల బండి అయిపోయింది. టీ బంకు దగ్గర ఎవరో, "ప్రెసిడెంటు గారూ, వాటికి టిక్కెట్టు కొడతారా?" అని అడిగారట. తాత ఇంటికొచ్చి కొడుకు ముందు నిలబడి, "చెప్పక చెప్పక వాడికే చెప్పాల్నా నువ్వు?" అన్నాడు. "నిజమే గద నాయనా" అన్నాడు చిన్నాయన. "నిజమైతే మాత్రం! ఊళ్ళో నిజాలు చెప్పేదానికి వచ్చినావా సెలవు పెట్టి?" అని తాత చుట్ట ముట్టించుకున్నాడు.

ఆ గొడవ చల్లారకముందే అసలు మాట బయటపడింది. ఒక మధ్యాహ్నం పంచలో అందరం అన్నాలకు కూర్చున్నాం. అవ్వ వడ్డిస్తోంది. చిన్నాయన పళ్ళెంలోకి చూస్తూ, "నాయనా, నేను ఎయిర్‌ఫోర్సు వదిలేద్దామనుకుంటా ఉండా. పేపర్లు వేసినాను" అన్నాడు. తాతకు మొదట అర్థం కాలేదు. "ఏం పేపర్లు?" అన్నాడు. "రిలీజు ఇయ్యమని. పింఛనుకు సరిపడా సర్వీసు అయిపోయింది. ఇప్పుడు ప్రైవేటు విమాన కంపెనీలు వస్తా ఉండాయి. పైలట్ల కోసం చూస్తా ఉండారు. నాతో చేరినోళ్ళు కొందరు పొయ్యినారు కూడా."

"ఇప్పుడు నీకు ఏం తక్కువైంది?"

"తక్కువై కాదు నాయనా. ఇంకొక ర్యాంకు వస్తే నా చేతిలోంచి విమానం తీసేసి కుర్చీ ఇస్తారు. ఫైళ్ళు చూసుకుంటా ఉండాల. అదేమో నాకు చేతకాదు. కంపెనీలో అయితే ముసలోణ్ణి అయిందాకా తోలచ్చు."

తాత చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "కుర్చీ ఇస్తామంటే వద్దంటావా? ఒరే, ఈడ ఒక కుర్చీ కోసరం మనుషులు ఎంతెంత చేస్తా ఉండారో నీకేం తెలుసు! నీకు పిలిచి ఇస్తా ఉంటే, వద్దు, నేను స్టీరింగు పట్టుకోనే కూచుంటా అంటావా?" అన్నాడు. ఆ బాధ ఆయన సొంత బాధ అని మా అందరికీ తెలుసు. అవ్వ మజ్జిగ పోసే వంకతో మొహం తిప్పుకుంది. తాత అక్కడితో ఆగలేదు. "గవర్నమెంటు బస్సు తోలేవోడు యాడన్నా ప్రైవేటు బస్సుకు పోతాడా? ఆత్మకూరు డిపోకి పొయ్యి అడుగు. ఒక్కణ్ణి చూపించు" అని చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ వాదన తాతకు తెగ నచ్చింది. మర్నాటికి అది ఇంకా పెరిగి, ఆత్మకూరు ప్రయాణమైంది. తాతకు రమణయ్య అని ఒక డ్రైవరు బాగా తెలుసు. ఉదయగిరి బస్సు చాలా ఏళ్ళు తోలినవాడు. తాత రావడం ఆలస్యమైతే వీధి మొదట్లో బస్సు ఆపి హారన్ కొట్టి మరీ ఎక్కించుకునేవాడు. ఆ మధ్యనే రిటైరై ఆత్మకూరులో ఉంటున్నాడు. గవర్నమెంటు ఉద్యోగం విలువేమిటో ఆయన నోటితోనే కొడుక్కి చెప్పించాలని తాత ఎత్తు. నా కాలేజీ ఆత్మకూరులోనే కాబట్టి, మార్కుల కాగితం తెచ్చుకోవాలని వంక పెట్టి నేను కూడా బయలుదేరాను. అసలు కారణం మాత్రం ఆ పంచాయితీ చూడాలని.

ఆత్మకూరు బస్టాండులో దిగి, తాత సోడా కొట్టు దగ్గర రమణయ్య ఇల్లు ఎక్కడని అడుగుతున్నాడు. అంతలో వెనక నుంచి పెద్ద హారన్. పక్కలకంతా పువ్వులు వేసిన ఒక ప్రైవేటు బస్సు వచ్చి మా పక్కన ఆగింది. డ్రైవరు సీట్లోంచి గళ్ళ చొక్కా, మెడలో చేతిరుమాలు వేసుకున్న మనిషి తల బయటికి పెట్టి, "ప్రెసిడెంటు గారా! రాండి రాండి, సోమశిలకేనా?" అన్నాడు. రమణయ్యే.

తాత అతన్ని కింది నుంచి పైకి చూశాడు. "ఏందిరా రమణయ్యా, ఇదేం బండిరా?"

"రిటైరైనాను గద సామీ. ఇంట్లో కూచుంటే ఈ కుడికాలు ఊరుకోలా. మంచం కింద బ్రేకు కోసం వెతకతా ఉండింది. మా ఆడది తన్నులు తినలేక, ముందు పొయ్యి ఏదో ఒక బండి తోలుకోపో అనింది."

"గవర్నమెంటు బస్సు తోలినోడివి, దీంట్లో..."

"దీనికీ చక్రాలే గద సామీ" అన్నాడు రమణయ్య, ఇందులో అంతగా ఆలోచించడానికి ఏముందో తెలియనివాడిలా.

చిన్నాయన ఎండ బాగా ఉందన్నట్టు ఆకాశం వైపు చూస్తున్నాడు. పెదవులు బిగబట్టుకున్నా భుజాలు కదులుతున్నాయి. నేను సోడా కొట్టు చాటుకు పోయి నవ్వుకున్నాను. తాత ఏం చెయ్యాలో తోచక ఆ బస్సే ఎక్కాడు. మాకు సోమశిలలో ఏ పనీ లేదు. అయినా ముగ్గురం సోమశిల దాకా పోయాం. చిన్నాయన ఇంజను పక్క సీట్లో రమణయ్య దగ్గర కూర్చుని దారంతా గేర్ల గురించీ, ఘాట్ రోడ్డులో బ్రేకుల గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు. ఇద్దరూ ఒకే డిపోలో పనిచేసినవాళ్ళలా కలిసిపోయారు. తాత వెనక కిటికీ పక్కన కూర్చుని నోరు విప్పలేదు. డ్యాం దగ్గర దిగి నీళ్ళ వైపు కాసేపు చూసి, మళ్ళీ అదే బస్సులో తిరిగి వచ్చాం. ఆత్మకూరులో దిగేటప్పుడు మాత్రం, "వాడు ఇప్పుడే బాగా తోలతా ఉండాడే" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ఇంతవరకు నవ్వులాటే. అసలు కారణం ఆ సాయంత్రం తెలిసింది. పెరట్లో మా అవ్వ, చిన్నమ్మ, నేను కూర్చుని విత్తనానికి వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాం. మా చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, నెల్లూరు పిల్ల, మాట తక్కువ. ఇంట్లో ఇంత రభస జరుగుతున్నా ఒక్క ముక్క మాట్లాడలేదు. అవ్వకు విసుగొచ్చి, "నీ మొగుడు ఉద్యోగం మానుకుంటానంటా ఉంటే నువ్వు నోరు తెరవవేందే? నీకు ఇష్టమా కాదా?" అంది.

చిన్నమ్మ కొన్ని కాయలు ఒలిచాక తల ఎత్తకుండానే చెప్పింది. "క్యాంపులో మా ఇండ్లన్నీ ఒకే వరసగా ఉంటాయి అత్తా. ఏదన్నా విమానం తిరిగి రాకపోతే మాకు వెంటనే ఎవురూ చెప్పరు. ఆఫీసు జీపు ఒకటి మెల్లగా వస్తాది. ఆడోళ్ళందరం కిటికీల దగ్గర నిలబడి చూస్తా ఉంటాం. అది మా ఇల్లు దాటి పోతే, దేవుడా అని ఊపిరి పీల్చుకుంటా. మళ్ళా అంతలోనే సిగ్గేస్తాది. ఎందుకంటే అది పోయి ఇంకొకరి వాకిట్లో ఆగింటాది గద. పోయిన చలికాలం మా పక్కింటి ముందర ఆగింది. కొత్తగా పెండ్లయి వచ్చిన ఆ ఇంటి పిల్లకి వంట నేర్పించింది నేనే."

అవ్వ చిన్నమ్మ చేతిలోంచి చాట తీసి పక్కన పెట్టింది. ఆమె తల మీద చెయ్యి వేసింది. తర్వాత లేచి పంచలోకి పోయి, తాత ఎదురుగా నిలబడి, "వాడు వదిలేస్తాడు. దాన్ని గురించి ఇంక ఈ ఇంట్లో మాట లేదు" అంది. అవ్వ ఆ గొంతుతో మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. తాత ఎందుకని అడగలేదు. ఆయనకు పెరటి మాటలు వినబడ్డాయని నాకు ఇప్పటికీ అనుమానం.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు గాని ఎయిర్‌ఫోర్సు ఒప్పుకోలేదు. చిన్నాయన సెలవు అయిపోయి వెళ్ళిపోయిన తర్వాత ఒకరోజు బజారులో టెలిఫోను బూత్‌కు ఫోను చేసి తాతను పిలిపించాడు. "పైలట్లు తక్కువగా ఉండారు, ఇప్పుడు వదిలేది లేదని చెప్పినారు నాయనా" అన్నాడట. తాత ఎర్రబడ్డ మొహంతో ఇంటికొచ్చాడు. "నా కొడుకును నాకు ఇయ్యరంట! వాళ్ళేమన్నా కొనుక్కున్నారా?" అని ఆ పూటంతా రంకెలు వేశాడు. మర్నాడు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం గీసే అతను వచ్చాడు. తాత సబ్బు నురగ మొహంతో, "మావోడు వచ్చేస్తానంటే వదల్లేదంట. నువ్వు లేకపోతే మాకు జరగదు అన్నారంట" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక ఆయనకే బాగా రుచించింది. సాయంత్రానికి టీ బంకు దాకా తీసుకుపోయాడు. ఊరు మేకలను మరిచిపోయింది. పెంచలయ్య ఒక్కడే మరవలేదు. "అవును సామీ, ఆయన రాకపోతే ఆ మేకలు దిగులు పెట్టుకుంటాయి గద" అన్నాడు. ఆ ఒక్కసారి తాత కూడా నవ్వేశాడు.

తర్వాత మళ్ళీ పేపర్లు వేసి, మళ్ళీ అడిగి, చివరికి చిన్నాయన బయటికి వచ్చాడు. తెల్లచొక్కా, భుజాల మీద బంగారు పట్టీలతో విమాన కంపెనీలో చేరాడు. తాత ఒకేసారి కొడుకు విమానం ఎక్కాడు, మద్రాసు నుంచి హైదరాబాదుకు. కెప్టెన్ ఫలానా అని మైకులో వినబడగానే పక్క సీటాయనతో, "మావోడే. ముందు ఎయిర్‌ఫోర్సులో ఉండినాడు. వాళ్ళు వదల్లేదు, కానీ వీడే వచ్చేసినాడు" అని హైదరాబాదు దాకా చెప్పాడట. చిన్నమ్మకు మాత్రం ఒక మార్పు వచ్చింది. ఆమె పాడుతుందని మాకు అంతవరకు తెలియదు. మద్రాసులో వాళ్ళింట్లో ఉన్నప్పుడు, వంట చేస్తూ గొంతెత్తి పాడటం విన్నాను.

ఇప్పుడు చిన్నాయన ఆత్మకూరులోనే, మా వీధిలోనే ఉంటున్నాడు. జుట్టంతా తెల్లబడింది. హారికను ఆయన దగ్గరికి తీసుకుపోయాను. పోతూ దారిలో ఆలోచించాను. అప్పుడు నలభై దాటిన మనిషి ఉద్యోగం మారడానికి అన్నం ముందు తలవంచుకుని తండ్రిని అడిగాడు. ఇల్లంతా తలో మాట అంది. హారికను ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళ నాన్న ఫోనులో "నీ ఇష్టం తల్లీ" అన్నాడట. మంచి మాటే. కానీ ఆ పిల్ల అంత దూరం నుంచి బస్సులు మారి నా వంటింటికి ఎందుకు వచ్చిందో నాకు కొంచెం అర్థమైంది.

చిన్నాయన దాన్ని ఆటపట్టించడంతో మొదలుపెట్టాడు. "ఏమ్మా, ఆ ఎగిరే రుబ్బురోలు దిగేస్తావా?" అన్నాడు. హారిక తన కష్టాలన్నీ చెప్పింది. భర్తకు ఒక ఊళ్ళో ఉద్యోగం, తనకు ఒక ఊళ్ళో. వాళ్ళ పాపను ఏ ఊరని అడిగితే జవాబు చెప్పలేకపోతోంది. అటు ఎయిర్‌లైన్సుకు పోతే హెలికాప్టరు అనుభవం చాలదు, మళ్ళీ మొదటి నుంచి విమానం నేర్చుకుని, తనకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చోవాలి. చిన్నాయన అన్నీ విని, పోవడమే మంచిదని ఓపిగ్గా, లెక్కగా చెప్పాడు. బయలుదేరేటప్పుడు హారిక గుమ్మంలో ఆగి, "తాతా, మీరు చివరిసారి తోలిన రోజు ఎట్టుండింది?" అని అడిగింది.

"బాగా చేసినారమ్మా. కేకు కోసినారు, దండ వేసినారు."

"ఎయిర్‌లైన్సులో కాదు. ముందరిది."

చిన్నాయన చెప్పుల వైపు చూశాడు. "విమానం దించి ఇంజన్లు ఆపేసినాను. సీట్లోంచి లేవలేకపోయినా. నా పక్కన ఉండే పిల్లోడు నేనేందో చూస్తా ఉండానని అనుకోని దిగిపోయినాడు. టెక్నీషియన్ పైకి వచ్చి, ఏమన్నా ప్రాబ్లమా సార్ అన్నాడు. ఏం లేదు, కొంచేపు కూచుంటానన్నా. ఆయన నా మొహం చూసినాడు. టోపీ తీసి చేత్తో పట్టుకోని కిందికి పొయ్యి నిచ్చెన దగ్గర నిలబడినాడు. నేను దిగిందాకా ఎవుర్నీ ఎక్కనియ్యలా." ఆ మాట ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. లోపల నుంచి కాఫీ తెస్తున్న చిన్నమ్మకు కూడా చెప్పి ఉండడు. ఆమె గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

నిన్న సాయంత్రం హారిక ఫోను చేసింది. చిన్నాయన మా ఇంట్లోనే ఉన్నాడు, ఉప్మా తింటూ. ఫోను స్పీకరులో పెట్టాను.

"అయిపోయింది అత్తా. రాసిచ్చినా, ఒప్పుకున్నారు."

"మంచిదే గదమ్మా."

"మంచిదే. కానీ ఒక్కరన్నా ఉండమని అడగతారేమో అనుకున్నా అత్తా. ఎవురూ అడగలా. సంతకం పెట్టి ఆల్ ద బెస్ట్ అన్నారు, అంతే."

చిన్నాయన ప్లేటు కింద పెట్టి, పంచెకు చెయ్యి తుడుచుకుని, ఫోను నా దగ్గర నుంచి తీసుకున్నాడు. ఈసారి ఆటపట్టించలేదు.

"నువ్వు పోతే ఎట్టమ్మా వాళ్ళకి?" అన్నాడు. "ఉండరాదూ?"

అటువైపు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"కుదరదు తాతా" అంది హారిక. "పోవాల్సిందే."